వెండికి అంటుకున్నదే కనిపిస్తుంది: ఒక ప్రాజెక్టు డైరీ

రోజు 1

పని ఒప్పుకున్నాను. ఆపిల్ తొక్క మీద మిగిలిపోయిన తెగులు మందును వెండి నానో రేణువులతో పట్టుకోవాలి. మందు పేరు థైరామ్. చేతిలో ఉన్నవి 785 నానోమీటర్ల లేజర్‌తో పనిచేసే చిన్న రామన్ యంత్రం, యూవీ-విజిబుల్ స్పెక్ట్రోమీటర్, పాత సెంట్రిఫ్యూజ్, నలభై రోజుల గడువు.

కథ ఇదీ. అణువుల మీద లేజర్ పడితే చెదిరి వచ్చే కాంతి దాదాపు అంతా అదే రంగులో ఉంటుంది. ఏ కోటికో ఒకటి చొప్పున కొన్ని ఫోటాన్లు మాత్రం అణువు కంపనాలకు కొంత శక్తి ధారపోసి, రంగు కాస్త మారి బయటికొస్తాయి. 1928లో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ చూసింది ఇదే. ఎంత మారిందో కొలిస్తే అది ఏ అణువో చెప్పొచ్చు. చిక్కల్లా ఆ కాంతి మరీ తక్కువ కావడమే. తొక్క మీద కంటికి కనిపించని మోతాదులో ఉన్న మందు గురించి మామూలు రామన్‌ను అడిగితే మౌనమే సమాధానం.

1974లో ఫ్లైష్‌మన్, హెండ్రా, మెక్విలన్ అనే ముగ్గురు గరుకు చేసిన వెండి ఎలక్ట్రోడ్ మీద పిరిడీన్‌ను చూస్తే సిగ్నల్ చాలా బలంగా వచ్చింది. గరుకుతనం వల్ల ఉపరితలం పెరిగి ఎక్కువ అణువులు పట్టాయని వాళ్ళు అనుకున్నారు. ఆ లెక్క సరిపోదనీ, సిగ్నల్ లక్ష రెట్ల దాకా పెరిగిందనీ 1977లో రెండు బృందాలు విడివిడిగా చూపించాయి. అసలు పని చేసింది వెండిలోని ఎలక్ట్రాన్లు. లేజర్ తాళానికి అవి ఒక్కుమ్మడిగా ఊగి, లోహాన్ని ఆనుకుని ఉన్న కొద్ది నానోమీటర్ల చోటులో విద్యుత్ క్షేత్రాన్ని పెంచేస్తాయి. సిగ్నల్ దాదాపు ఆ క్షేత్రపు నాలుగో ఘాతం మీద పెరుగుతుంది కాబట్టి, క్షేత్రం పదింతలైతే సిగ్నల్ పదివేల రెట్లవుతుంది.

థైరామే ఎందుకని మేడంని అడిగాను. “అందులో గంధకం ఉంది. గంధకానికీ వెండికీ ఉన్న బంధం నీకు తెలిసిందేగా. సులువైనదానితో మొదలుపెట్టు, ఏడిపించడానికి అదే చాలు” అన్నారు.

రోజు 3

మొదటి బ్యాచ్ మురుగుపాలు. నిజానికి మురుగులో పోయలేదు, వెండి వ్యర్థాల సీసాలో పోశాను. ఆ సీసా మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించడం కూడా ఇవాళ్టి పనుల్లో ఒకటి.

అనుసరించింది 1982 నాటి లీ, మైజెల్ పద్ధతి. 90 మి.గ్రా. సిల్వర్ నైట్రేట్‌ను 500 మి.లీ. నీళ్లలో కరిగించి మరిగించాలి. అందులో 1 శాతం సోడియం సిట్రేట్ ద్రావణం 10 మి.లీ. పోసి గంటసేపు మరగనివ్వాలి. నేను అన్నీ సగం చేసుకున్నాను. సిట్రేట్ పోయకముందే నీళ్లలో పాలవిరుగుడు లాంటి తెల్లటి మసక వచ్చింది. అప్పుడే ఆపెయ్యాల్సింది. మొండిగా గంటసేపు మరగబెడితే చివరికి మిగిలింది బూడిద రంగు మడ్డి.

తప్పు నాదే. గాజు సామాను శుభ్రంగా ఉండాలని ముందురోజు ఆక్వా రీజియాతో కడిగాను. మూడు పాళ్ళు హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు నత్రికామ్లం. బంగారం పనికైతే అదే సరైన పద్ధతి. వెండి పనికి మాత్రం గాజు గోడల మీద రవ్వంత క్లోరైడ్ మిగిలినా సిల్వర్ క్లోరైడ్‌గా విరిగిపోతుంది. ల్యాబ్ అసిస్టెంట్ అన్న ఫ్లాస్కు చూసి ఏమీ అనలేదు. నత్రికామ్లం సీసా తెచ్చి నా బెంచి మీద పెట్టి వెళ్ళిపోయాడు.

రోజు 5

ఈసారి ఫ్లాస్కులను విడి నత్రికామ్లంతో కడిగి, డీఅయనైజ్డ్ నీళ్లతో ఎనిమిదిసార్లు తొలిచాను. సిట్రేట్ పోశాక కాసేపు ఏమీ జరగలేదు. ఆ తర్వాత లేత పసుపు, దాని మీద ముదురు పసుపు, చివరికి ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు. చూడ్డానికి మురికి నీళ్లలా ఉంటుంది, గ్లాసును వెలుతురుకు అడ్డం పెడితే మాత్రం పసుపుగా మెరుస్తుంది.

యూవీ-విజిబుల్‌లో 418 నానోమీటర్ల దగ్గర శిఖరం, అంటే రేణువులు ఎక్కువ మింగుతున్నది ఆ కాంతినే. వెడల్పు ఎక్కువే, అంటే రేణువులన్నీ ఒక్క సైజులో లేవు. ఈ పద్ధతి గుణమే అంత. గుండ్రటివాటితో పాటు కడ్డీలూ, పలకలూ కలిసి వస్తాయి. బంగారమైతే ఇంతకంటే బుద్ధిగా ఉంటుంది. 1973లో ఫ్రెన్స్ చూపించినట్టు, సిట్రేట్ పాలు మార్చి రేణువు సైజును చెప్పుచేతల్లో పెట్టుకోవచ్చు. కానీ సిగ్నల్ పెంచడంలో వెండిదే పైచేయి. నాకు ముందు సిగ్నల్ కావాలి, అందం తర్వాత.

కుడిచేతి బొటనవేలు నల్లబడింది. సిల్వర్ నైట్రేట్ మరక. సబ్బుతో పోదు, చర్మం ఊడినప్పుడే పోతుంది.

రోజు 8

సిలికాన్ ముక్క పెట్టి యంత్రాన్ని సరిచూశాను. దాని గీత 520.7 దగ్గర ఉండాలి, అక్కడే ఉంది. ఈ అంకెలన్నీ వేవ్‌నంబర్లు, సెంటీమీటరుకు ఎన్ని తరంగాలన్న లెక్క. ఇకమీదట అంకె ఒక్కటే రాస్తాను.

అలవాటుగా ముందు క్రిస్టల్ వయొలెట్ రంగుతో పరీక్ష. 1175 దగ్గర, 1620 దగ్గర నిటారుగా లేచాయి. పక్క బెంచివాళ్ళు వచ్చి చూసి చప్పట్లు కొట్టారు. నాకైతే అంత సంబరం లేదు. రంగు అణువులు రామన్‌లో సహజంగానే బిగ్గరగా అరుస్తాయి, పైగా ధనావేశంతో ఉంటాయి కాబట్టి సిట్రేట్ తొడుక్కుని రుణావేశంతో ఉన్న వెండి రేణువు మీదికి వాటంతటవే వెళ్ళి వాలతాయి. రంగును పట్టుకున్నాను కాబట్టి మందును కూడా పట్టుకుంటానంటే, ఈత కొలనులో నేర్చుకుని గోదావరి ఈదుతానన్నట్టే.

రోజు 9

థైరామ్ స్టాక్ కలిపాను. అణుభారం 240.4. 24 మి.గ్రా. తూచి 100 మి.లీ. అసిటోనైట్రైల్‌లో వేస్తే సుమారు 1 మిల్లీమోలార్, అంటే లీటరుకు 240 మి.గ్రా. నీళ్లలో సరిగా కరగదు కాబట్టి ఈ ద్రావకం. దాన్నుంచి పదింతలు, వందింతలు, వెయ్యింతలు పలచన చేస్తూ వెళ్ళాను.

10 మైక్రోమోలార్‌తో (స్టాక్ వందింతలు పలచన) మొదటి రీడింగ్: 1380 దగ్గర స్పష్టమైన శిఖరం, 560 దగ్గర చిన్నది, 1145 దగ్గర, 1508 దగ్గర ఇంకో రెండు. పుస్తకాల్లో ఉన్న వరసే. థైరామ్ అణువులో రెండు సగాలను కలిపి ఉంచేది గంధకం-గంధకం బంధం. వెండిని తాకగానే అది తెగి, రెండు సగాలూ వెండికి అతుక్కుపోతాయి. కాబట్టి నేను చూస్తున్నది థైరామ్‌ను కాదు, అది విరిగితే వచ్చే డైమిథైల్ డైథయోకార్బమేట్‌ను. ఈ తేడా ఇప్పటికి చిన్నదిగానే కనిపిస్తోంది.

రోజు 11

ఇవాళంతా ఉప్పుతోనే సరిపోయింది.

విడివిడిగా తేలే రేణువు ఒక్కటే ఉంటే సిగ్నల్ అంతంతమాత్రం. రెండు రేణువులు దగ్గరికి చేరి, మధ్యలో ఒకటి రెండు నానోమీటర్ల సందు మిగిలితే ఆ సందులో క్షేత్రం విపరీతంగా పెరుగుతుంది. అణువు అక్కడ ఇరుక్కోవాలి. రేణువులు ఒకదాన్నొకటి నెట్టుకోకుండా దగ్గరికి చేరాలంటే వాటి ఆవేశాన్ని ఉప్పుతో అణచాలి. మొన్న నా బ్యాచ్‌ను పాడుచేసిన క్లోరైడే ఇవాళ నా తరఫున పనిచేస్తోంది.

మూడు ఉప్పులు చూశాను. పొటాషియం నైట్రేట్ వేస్తే 1048 దగ్గర నైట్రేట్ తన శిఖరం తెచ్చింది. మెగ్నీషియం సల్ఫేట్ 980 దగ్గర సల్ఫేట్‌ది తెచ్చింది. సోడియం క్లోరైడ్ వేస్తే 240 దగ్గర వెండి-క్లోరిన్ బంధం కనిపించింది కానీ అది నాకు కావలసిన చోటుకి చాలా దూరం. అందుకే మామూలు ఉప్పునే ఎంచుకున్నాను.

ఉప్పు ఎంత అన్నదానికంటే ఎప్పుడు చదవాలన్నదే ముఖ్యమని మధ్యాహ్నానికి అర్థమైంది. ఉప్పు వేసిన అరనిమిషానికి సిగ్నల్ లేవడం మొదలవుతుంది, రెండో నిమిషంలో నిండుగా ఉంటుంది, పది నిమిషాలకు గుంపులు బరువెక్కి అడుక్కి దిగిపోతాయి, సిగ్నల్ కూడా వాటితో పాటే దిగిపోతుంది. టైమర్ పెట్టుకుని సరిగ్గా రెండో నిమిషంలో చదవాలని నియమం పెట్టుకున్నాను. ఇంతకుముందు రీడింగుల్లో టైము రాయలేదు. వాటన్నిటినీ కొట్టేశాను.

రోజు 14

బ్లాంక్‌లో శిఖరం.

థైరామ్ వెయ్యని శాంపిల్‌లో, అంటే కొల్లాయిడ్ (వెండి రేణువులు తేలే నీళ్లు), ఉప్పునీళ్లు మాత్రమే ఉన్న వయల్‌లో, 1380 దగ్గర బుద్ధిగా ఒక శిఖరం నిలబడి ఉంది. మూడుసార్లు తీశాను. మూడుసార్లూ ఉంది.

ముందు సిట్రేట్‌ను అనుమానించాను. దానిలోని కార్బాక్సిలేట్ అనే భాగం కూడా 1400 చుట్టుపక్కలే కనిపిస్తుంది, కొత్తవాళ్ళు చాలామంది అక్కడే మోసపోతారు. కానీ సిట్రేట్ గీత వెడల్పుగా మూపురంలా ఉంటుంది, ఇదేమో సన్నగా ఉంది. పైగా 560 కూడా ఉంది. లేజర్ వేడికి ఏదైనా మాడి బొగ్గైందేమో అనుకున్నాను. బొగ్గైతే 1350 దగ్గర, 1580 దగ్గర రెండు దిబ్బలు రావాలి, అవి లేవు.

అంటే ఇది నిజంగా డైథయోకార్బమేటే. నేను వెయ్యలేదు. మరి ఎవరు వేశారు?

రోజు 15

తెల్లవారుజామున మెలకువొచ్చి పడుకోలేక ల్యాబ్‌కి వచ్చేశాను. ఒక్కొక్కటీ తీసేసి చూడ్డమే దారి. నీళ్లు మార్చాను, శిఖరం ఉంది. పిపెట్ టిప్పులు కొత్త పెట్టె విప్పాను, ఉంది. కొల్లాయిడ్ బ్యాచ్ మార్చాను, ఉంది. ఉప్పు వెయ్యకుండా తీశాను, లేదు! కానీ ఉప్పు లేకపోతే సిగ్నలే రాదు కాబట్టి దాంతో ఏమీ తేలలేదు.

మా జూనియర్ వచ్చి “అన్నా, గ్లవ్స్ కావచ్చేమో” అన్నాడు. గ్లవ్ వేలు కత్తిరించి అసిటోనైట్రైల్‌లో నానబెట్టి చూశాం. శిఖరాలు వచ్చాయి కానీ వరస వేరు, 1380 దగ్గర కాదు. రబ్బరు గట్టిపడ్డానికి కలిపే పదార్థాల్లో డైథయోకార్బమేట్లు ఉంటాయని అప్పుడు చదివాం. చదువుతూ చదువుతూ ఇద్దరం ఒకేసారి తలెత్తి బెంచి మీద ఉప్పునీళ్ల సీసా వైపు చూశాం. దానికి నల్ల రబ్బరు బిరడా.

థైరామ్ తెగులు మందు మాత్రమే కాదు. రబ్బరు పరిశ్రమలో దానికి పెద్ద ఉద్యోగం ఉంది, రబ్బరును గట్టిపరిచే వల్కనైజేషన్‌ను వేగిరపరచడానికి అదే అణువును కలుపుతారు. బిరడాను నానబెట్టిన నీళ్లలో 560, 1145, 1380, 1508 అన్నీ వచ్చాయి. సీసాను రోజూ తలకిందులు చేసి కలిపింది నేనే.

రెండు రోజులు పోయాయి. కానీ ఇంత సున్నితంగా పట్టుకుంటున్నందుకు లోపల కొంచెం గర్వంగానూ ఉంది. మేడంకి చెబితే “గర్వం సరే, ఇప్పటిదాకా తీసిన తక్కువ గాఢత రీడింగులన్నీ ఏమయ్యాయి?” అన్నారు. అవీ కొట్టేశాను. సీసాలన్నిటికీ ప్లాస్టిక్ మూతలు. ప్రతి ఐదు శాంపిళ్ళకూ ఒక బ్లాంక్.

రోజు 19

ఎంత మందుకు ఎంత సిగ్నలో చూపే కాలిబ్రేషన్ గీత గీశాను. గీత అనడం మర్యాదకి. మొదట్లో నిటారుగా లేచి, 2 మైక్రోమోలార్ దాటాక వంగి, 5కీ 10కీ మధ్య దాదాపు చదునుగా పడుకుంది. వెండి మీద చోటు నిండిపోయాక ఎంత మందు పోసినా కొత్తగా అంటుకునేది ఉండదు. బస్సు నిండాక స్టాపులో ఎంతమంది ఉన్నారో కండక్టర్ టికెట్లు చూసి చెప్పలేడు కదా. కాబట్టి 1 మైక్రోమోలార్ లోపలే పని. శాంపిల్ చిక్కగా ఉంటే పలచన చేసి మళ్ళీ చూడాలి.

ఇంకో సంగతి. ఒకే బ్యాచ్ కొల్లాయిడ్‌తో తీసిన రీడింగులు పది శాతం లోపల అటూ ఇటూ ఊగుతున్నాయి. బ్యాచ్ మారిస్తే ఇరవై దాటుతోంది. రేణువులు ఎలా గుంపుకడతాయో మన చేతిలో లేదు, సందులు ఎన్ని పుడితే అంత సిగ్నల్. 240 దగ్గరి వెండి-క్లోరిన్ శిఖరంతో భాగించి చూస్తే కాస్త తగ్గింది. ఇంకా మంచిది స్టాండర్డ్ ఎడిషన్, అంటే తెలియని శాంపిల్‌కే తెలిసిన మోతాదులు కలుపుతూ వెనక్కి లెక్కగట్టడం. శ్రమ ఎక్కువ, మోసం తక్కువ.

రోజు 23

ఎట్టకేలకు ఆపిల్.

తొక్క మీద చదరపు సెంటీమీటరు గళ్ళు గీసి, ఒక్కో గడిలో లీటరుకు 5 మి.గ్రా. థైరామ్ ద్రావణం 20 మైక్రోలీటర్లు వేసి ఆరనిచ్చాను. అంటే గడికి 0.1 మైక్రోగ్రాము. నిబంధనలన్నీ కిలోకు ఇన్ని మిల్లీగ్రాములనే భాషలో ఉంటాయి కాబట్టి ఒక లెక్క వేశాను. 180 గ్రాముల పండును బంతి అనుకుంటే పైచర్మం సుమారు 170 చదరపు సెంటీమీటర్లు. అన్ని గళ్ళలోనూ 0.1 మైక్రోగ్రాము ఉంటే పండు మొత్తానికి 17 మైక్రోగ్రాములు, కిలోకు సుమారు 0.1 మి.గ్రా. ఒక లెక్క నుంచి ఇంకో లెక్కకు మారినా అంకె దాదాపు అదే. ఇలాంటి అదృష్టం ఈ ప్రాజెక్టులో ఇదొక్కటే.

ముందు సులువు దారి. తొక్క మీదే కొల్లాయిడ్ చుక్క వేసి లేజర్ పెట్టాను. మైనపు పూత మీద చుక్క తామరాకు మీద నీటిబొట్టులా దొర్లిపోయింది. నిలబడ్డ చోట తొక్క స్వయంగా వెలుగుతోంది. 785 కాబట్టి ఇంతమాత్రం, ఆకుపచ్చ 532 లేజరైతే ఆ వెలుగులో ఇంకేమీ కనిపించేది కాదు. దానికి తోడు తొక్కలోని రంగు పదార్థాలు, కెరోటినాయిడ్లు, 1157 దగ్గర, 1525 దగ్గర కూర్చున్నాయి. నా 1145, 1508 గీతలకు అవి పక్కింటివాళ్ళు. కాబట్టి తొక్క విషయంలో ఆ రెంటినీ నమ్మకుండా 1380, 560 రెండూ కలిసి వస్తేనే ‘ఉంది’ అనాలని నియమం.

చివరికి దూది పుల్ల దారే నయం. అసిటోనైట్రైల్‌తో తడిపి గడిని తుడిచి, అర మిల్లీలీటరులో జాడించి, అందులోంచి ఒక పాలు తీసి తొమ్మిది పాళ్ళ కొల్లాయిడ్‌లో కలిపాను. మొత్తం వెనక్కి వచ్చి ఉంటే వయల్‌లో 0.08 మైక్రోమోలార్ ఉండాలి. వచ్చింది అందులో అరవై శాతం. మిగతాది మైనంలో ఇంకిపోయినట్టుంది. రెండోసారి తుడిస్తే ఇంకొంచెం వచ్చింది కానీ మైనం కూడా వచ్చి కొల్లాయిడ్ మీద తెట్టు కట్టింది.

రాత్రి 2010 నాటి ఒక పేపర్ మళ్ళీ చదివాను. జియామెన్ విశ్వవిద్యాలయపు బృందం బంగారు రేణువుల చుట్టూ అతి పలచటి సిలికా పొర తొడిగి, వాటిని ధూళిలా నారింజ తొక్క మీద చల్లి, మిథైల్ పారాథియాన్ అనే పురుగు మందు గీతలు చూసింది. లోహానికి అణువు అతుక్కోనక్కర్లేదు, దగ్గర్లో ఉంటే చాలు. ఎంత తెలివి! కానీ పొర మందం పెరిగేకొద్దీ క్షేత్రం చప్పున చచ్చిపోతుంది, రెండు మూడు నానోమీటర్లలో, ఎక్కడా చిల్లు పడకుండా పొర తొడగాలి. మిగిలిన పదిహేడు రోజుల్లో నా వల్ల అయ్యే పని కాదు.

రోజు 27

థైరామ్ ఒక్కటే అయితే ఎవరికి ఉపయోగం? పండు మీద ఒక్క మందే కొట్టరు. థయాబెండజోల్ అనే ఇంకో తెగులు మందు కూడా తీసుకున్నాను. విడిగా వేస్తే 782 దగ్గర, 1012 దగ్గర చక్కగా కనిపిస్తోంది. దానికి సమపాళ్ళలో థైరామ్ కలిపితే 782 కుంగిపోయి, 1380 ఎప్పట్లాగే నిలబడింది. థైరామ్ రెండింతలు వేస్తే 782ని భూతద్దం పెట్టి వెతకాల్సి వచ్చింది. వయల్‌లో థయాబెండజోల్ ఎంతుందో అంతే ఉంది. వెండిని గట్టిగా పట్టుకునేవాడు వచ్చి కుర్చీ లాగేసుకున్నాడు, అంతే.

మధ్యాహ్నం గ్లైఫోసేట్ అనే కలుపు మందు వేశాను. వంద మైక్రోమోలార్ దాకా పెంచినా ఏమీ లేదు. అది అసలే రామన్‌లో పిరికిది, పైగా నీళ్లను వదిలి సిట్రేట్ తొడుక్కున్న వెండి మీదికి రానంటుంది. దాన్ని వేరే రసాయనంతో కలిపి రూపం మార్చి చూసేవాళ్ళున్నారు.

మేడం స్పెక్ట్రాలు నాలుగూ పక్కపక్కన పెట్టించారు. “ఈ నాలుగో కాగితం చూసి ఏమంటావు?”

“గ్లైఫోసేట్ లేదంటాను మేడం. కానీ ఉంది, నేనే వేశాను.”

“మరి ఆ మాట రిపోర్టులో ఎలా రాస్తావు?”

చాలాసేపు ఆలోచించి డైరీలో రాసుకున్నది: వెండికి అంటుకున్నదే కనిపిస్తుంది. శిఖరం లేదంటే మందు లేదని కాదు. అంటుకోలేదనో, ఇంకెవరో ముందే అంటుకున్నారనో కూడా కావచ్చు.

రోజు 31

ద్రావణం మోసుకు తిరగలేక వడపోత కాగితం మీదికి మారాను. కొల్లాయిడ్‌ను సెంట్రిఫ్యూజ్‌లో చిక్కబరిచి, కాగితం ముక్కలను అందులో రాత్రంతా నానబెట్టి ఆరబెట్టాను. చుక్కలుగా వేస్తే రేణువులన్నీ అంచుకు పరుగెత్తి కాఫీ మరకలా వలయం కట్టాయి. అంచున సిగ్నల్ ఆకాశం, మధ్యలో పాతాళం. ముంచినవి ఎంతో మేలు. ఒక ముక్క మీద పాతిక చోట్ల చదివితే తేడా పదిహేను శాతం దగ్గర ఆగింది. దూది పుల్ల మానేసి కాగితాన్నే తడిపి తొక్క మీద అద్దితే సరిపోతోంది.

వారం కిందట చేసి బెంచి మీద వదిలేసిన ముక్కలు గోధుమ రంగుకి తిరిగాయి, సిగ్నల్ సగానికి పడింది. గాలిలో ఉన్న గంధకం కూడా వెండిని వదలదు. వెండి సామాను ఎందుకు నల్లబడుతుందో ఈ కాగితాలూ అందుకే పాడవుతాయి. గాలి చొరబడని కవర్లో, చీకట్లో, తేమ పీల్చే గుళికలతో పెట్టడం మొదలుపెట్టాను.

రోజు 36

పరీక్ష. మా జూనియర్ పన్నెండు ఆపిల్ ముక్కలు తయారుచేసి అంకెలు వేశాడు. వేటిమీద ఏముందో వాడికొక్కడికే తెలుసు. నేను కాగితం అద్ది, చదివి, ‘ఉంది’, ‘లేదు’ అని రాయాలి. బ్లాంకులు వేరే.

సాయంత్రం విప్పి చూశాం. ఏడింటి మీద మందు వేశాడు, అందులో ఆరు పట్టుకున్నాను. జారిపోయింది గడికి 0.05 మైక్రోగ్రాములు వేసిన ముక్క. అది నాకు ముందే అనుమానం, అక్కడ శిఖరం నేపథ్యపు రొదలో కలిసిపోతోంది. ప్రత్యేకంగా పరిమితి పెట్టని మందులకు యూరోపియన్ యూనియన్ గీసిన గీత కిలోకు 0.01 మి.గ్రా. నా కాగితం దాని దరిదాపుల్లో కూడా లేదు. పెద్ద మోతాదులను ఏరి పెద్ద యంత్రానికి పంపే జల్లెడగా పనికొస్తుంది, తీర్పు చెప్పడానికి కాదు.

మందు వెయ్యని ఐదింటిలో నాలుగు సరిగ్గా చెప్పాను. ఐదోది, తొమ్మిదో నంబరు ముక్క, ‘ఉంది’ అన్నాను.

“వెయ్యలేదన్నా, ఒట్టు” అన్నాడు వాడు.

రోజు 38

తొమ్మిదో నంబరు వెంట పడ్డాను. పట్టకారు కడిగి బ్లాంక్ తీశాను, శుభ్రం. కాగితం అదే బ్యాచ్‌లోది ఇంకోటి తీశాను, శుభ్రం. రబ్బరు ఎక్కడా లేదు, ఈసారి బల్ల మీద ఉన్న ప్రతి వస్తువునూ వరసపెట్టి చూశాను. అదే పండులో మిగిలిన భాగం ఫ్రిజ్‌లో ఉంది. దాని మీద మూడు చోట్ల అద్దితే మూడు చోట్లా 560, 1380 వచ్చాయి. చిన్నవే, కానీ సన్నగా, చోటు తప్పకుండా. తొక్క తీసేసి లోపలి గుజ్జు మీద అద్దితే ఏమీ లేదు. మిగతా పండ్లలో ఏ ఒక్కదాని మీదా లేదు.

అంటే మేం వెయ్యకముందే పండు మీద ఏదో ఉంది. జూనియర్ ఎగిరి గంతేశాడు. “థైరామే అన్నా!”

కావచ్చు. జైరామ్ కూడా కావచ్చు. ఫెర్బామ్ కూడా కావచ్చు. ఈ మూడు తెగులు మందులూ వెండిని తాకితే మిగిలేది అదే డైమిథైల్ డైథయోకార్బమేట్, అదే వరస. తొమ్మిదో రోజు చిన్నదనుకున్న తేడా ఇదే. మాటకొస్తే, చట్టం కూడా చాలాచోట్ల ఈ కుటుంబాన్ని విడదీయదు. శాంపిల్‌ను ఆమ్లంతో కాచి, వెలువడే కార్బన్ డైసల్ఫైడ్‌ను కొలిచి, అందరినీ కలిపి ఆ లెక్కనే చూస్తుంది.

పండును నాలుగు ముక్కలు చేసి, రెండింటిని మాస్ స్పెక్ట్రోమీటర్ (అణువులను బరువును బట్టి గుర్తుపట్టే యంత్రం) ఉన్న ల్యాబ్‌కు పంపడానికి గాజు సీసాల్లో పెట్టాను. ముక్కలు చేశాక ఆలస్యం చెయ్యకూడదు. నలిగిన పండు రసంలో ఈ జాతి మందులు త్వరగా విరిగిపోతాయి. ప్లాస్టిక్ మూతలు బిగించాను. సీసా మీద చీటీలో ‘శాంపిల్ వివరం’ అనే గడి ఉంది. జూనియర్ పెన్ను తీసి ‘థైరామ్’ అని రాయబోయాడు. వాడి చేతిలోంచి పెన్ను తీసుకుని నేను రాశాను: “తొక్క మాత్రమే. వెండి కాగితం మీద 560, 1380. డైమిథైల్ డైథయోకార్బమేట్ జాతి. మోతాదు తెలియదు.”

గడి చాలక చివరి మాట చీటీ వెనక్కి వెళ్ళింది.